ఆ ఇత్తడి గుండు దిష్టికి కాదు

అది దిష్టిగుండు కాదు. మా మరిది పోయాడని మంగళవారం పొద్దున కొండల నుంచి ఫోన్ వచ్చింది. ఆదివారం దాదర్‌లో జరిగిన సంతాపసభలో మన సంఘం కార్యదర్శి గారు కండువా సర్దుకుని మరీ అన్నారు: "పాపం, నమ్ముకున్న దిష్టిగుండు కూడా ఆయన్ని మంచు నుంచి కాపాడలేదు." రెండూ తప్పే. అది దిష్టిగుండూ కాదు, అతన్ని చంపింది మంచూ కాదు.

గోడ నిలువుగా లేచిందో లేదో చూడ్డానికి మేస్త్రీలు దారంతో వేలాడదీసే గుండు అది. మా మామగారిది. కామాటిపురలో సగం గోడలు అలాంటి గుండ్లు నిలబెట్టినవే. ఇప్పుడు ఎదురుగా పెట్టినా మనం గుర్తుపట్టం.

మరిది తాపీ పట్టుకునే కొండలకు వెళ్లాడు. ఆపిల్ తోటల పైన హోటల్ కడుతున్న కంట్రాక్టరు ఇసుక మోయడానికి చిన్న ట్రాక్టరు కొన్నాడు, నడిపేవాడు లేడు. మరిది ఎక్కాడు, పదేళ్లు దిగలేదు. ఎండాకాలం ఇసుక తోలేవాడు. చలికాలం బండి ముందు బ్లేడు తగిలించి దారిలో మంచు తోసేవాడు. వానాకాలం ఇంటికొచ్చి ఫోరస్ రోడ్ మీద టాక్సీలను చూసి నవ్వేవాడు. "చదును రోడ్డు మీద గూడ గిన్ని హారన్లెందుకు వదినా?"

మొదటి చలికాలమే బోల్తా పడబోయి బయటపడ్డాడు. "అంతా తెల్లగుంటే ఏది వాలో ఏది చదునో తెల్వది. మంచు కంటికి అబద్ధం చెప్తది వదినా. గుండు చెప్పదు." ఆ ఏడు వచ్చినప్పుడు తండ్రి గుండునూ ఒక రేకు ముక్కనూ నా ముందు పెట్టాడు. మునిసిపల్ స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని కదా, కోణమానిని తీశాను. బండి పక్కకు ఎంత ఒరిగితే పడుతుందో లెక్కగట్టి, రేకు మీద రెండు వైపులా గీతలు గీశాను. చూశాడు. "టీచరమ్మా, నీ లెక్కల్ల మంచు కింద బురద ఉన్నదా?"

లేదు. మా మనవరాలి గోళ్ల రంగు తీసుకుని, నా గీతలకు బాగా లోపలగా ఎర్రగీతలు తనే వేసుకున్నాడు. నన్ను దిద్దిన విద్యార్థి అతనొక్కడే.

అప్పట్నుంచి ఆ రేకూ, దాని మీదుగా దారంతో వేలాడే గుండూ స్టీరింగు ముందే ఉండేవి. ప్రతి మలుపులో బండి ఆపి, గుండు ఊగడం ఆగేదాకా చూసేవాడు. దారం ఎర్రగీతను తాకితే, ఎవరు అరిచినా బండి కదలదు. వాలు దిగేటప్పుడు గేరు ముట్టడు. "దిగుట్ల గేరు మార్చెటోడు, పెండ్లిపీటల మీద మనసు మార్చెటోడు ఒక్కటే. ఇద్దరూ నలుగుర్ని ముంచుతరు."

ఈ చలికాలం కొత్త మేనేజరు వచ్చాడు. పెద్ద అతిథులు వస్తున్నారట, "ఈ నిమ్మకాయ వ్యవహారం ఏంటి, తీసెయ్" అన్నాడట. మరిది చెప్పబోయేలోపు తనే దారం తెంచి గుండు అతని చేతిలో పెట్టాడట. ఆ సాయంత్రం మరిది నాకు ఫోన్ చేశాడు. "గుండు లేకుంట పైదారికి పోనంటే ఏమంటవ్ వదినా?"

నేనేమన్నానో కూడా రాస్తాను. మేనేజరును తిట్టి నన్ను వదిలేస్తే లెక్క తప్పుతుంది. "పోనీలే, నాలుగు రోజులు సర్దుకో. నౌకరీ మీదికి తెచ్చుకోకు" అన్నాను. సర్దుకున్నాడు. నాలుగో రోజు పైదారిలో బండి పక్కకు బోల్తా పడింది.

అతని పెట్టెతో పాటు గుండు ఇంటికొచ్చింది. మనవాళ్లేం చేశారు? నిమ్మకాయతో, మిరపకాయలతో కలిపి మరిది ఇంటి గుమ్మానికి కట్టారు! మేనేజరు వాగిన మాటను మనమే నిజం చేశాం. చెప్పులు విప్పి దండం పెట్టేవాళ్లు కూడా తయారయ్యారు. అతని అల్లుడేమో అదే కంట్రాక్టరు దగ్గరికి, బాగుచేసిన అదే ట్రాక్టరు నడపడానికి శుక్రవారం బయల్దేరుతున్నాడు. వద్దంటే వినడు, ఇల్లు గడవాలి. గుండు గుమ్మానికి, మనిషి వాలు మీదికి. ఎంత చక్కటి పంపకం!

కార్యదర్శి గారూ, మీ ఇల్లు ఆ గుమ్మానికి ఎదురే. గురువారం పొద్దున స్టూలేసుకుని ఎక్కండి. నిమ్మకాయ మీరే ఉంచుకోండి. గుండు విప్పి, మూలమీది దుకాణంలో మేస్త్రీలు వాడే నైలాన్ దారం రెండు మూరలు కొని కట్టండి. పాత రేకు బండి కింద నలిగిపోయింది. కొత్తది నేను గీసి పెట్టాను, ఎర్రగీతలు ఇంకాస్త లోపలికే వేశాను. వచ్చి తీసుకెళ్లి, రెండూ అల్లుడి చేతిలో పెట్టండి. ఎవరైనా తెంచమంటే ముందు నాకు ఫోన్ చేయమనండి. ఈసారి సర్దుకోమనను.

ఇచ్చే ముందు గుండును ఒక్కసారి వేలాడదీయండి. అది ఊగి ఊగి నిలిచేదాకా ఏమీ మాట్లాడకండి.