గేరు రాడ్డు గుండుకు రంగు

నలభైల మొదట్లో, నిజాం పాలన కాలంలో, నన్ను మోటారు మిస్త్రీగా ఇబ్రహీంపట్నం క్యాంపుకు పంపారు. వానాకాలం పెద్ద చెరువు కట్టను తనిఖీ చేసే ఇంజనీరు గారి కారు బాగోగులు నా పని. దాన్ని నడిపేది ఖాసిం అన్న. నాకంటే పెద్దవాడు, చేయి తిరిగిన డ్రైవరు. చిక్కంతా కొత్త కారుతోనే. ఆయన ఏళ్ల తరబడి నడిపిన బండిలో వెనక్కి పోయే గేరు ఎక్కడుండేదో, ఇందులో అక్కడ ముందుకు పోయే మొదటి గేరుంది. వెనక్కి తీయబోయి బంగళా గోడకు గుద్దాడు. ఇంకోసారి ఇలా జరిగితే కొలువు ఉండదని ఇంజనీరు గారు చెప్పేశారు.

గేరు రాడ్డు మీది నల్లటి గుండుపై 1, 2, 3 అంకెలు, వెనక గేరుకు గుర్తుగా R అనే ఇంగ్లీషు అక్షరం చెక్కి ఉన్నాయి. గాడుల్లో రంగు పోయి నలుపులో నలుపు కలిసిపోయింది. ఖాసిం అన్నకు ఇంగ్లీషు రాదు.

"అచ్చరం నాకెందుకు మిస్త్రీ? ఎనకకు పోయేదాన్ని జర ఎర్రగ చెయ్యి, సాలు" అన్నాడు.

వెదురు పుల్లతో గాడుల్లో మట్టి తీసి, కిరోసిన్‌తో కడిగి ఆరబెట్టాను. R మీద ఎర్ర ఎనామెల్, అంకెల మీద తెల్లది, గాడులు నిండేలా దట్టంగా పూశాను. గుండంతా అలుక్కుపోయింది. ఖాసిం అన్న తల పట్టుకున్నాడు.

"ఖరాబ్ చేసినవ్ గదయ్యా! సాబ్ చూస్తే నా పని ఖతం."

ఈ పని ఇంకొకరు చేస్తుంటే చూడడమే తప్ప అంతకుముందు నేను చేసింది లేదు. రంగు కాస్త బిగిసేదాకా ఆగి, చెక్క ముక్కకు బిగువుగా చుట్టిన బట్టతో పైపైన తుడిచాను. బట్ట వదులుగా ఉంటే గాడిలోకి దిగి రంగును ఎత్తుకుపోతుంది. రెండో తుడుపుకు నలుపులోంచి గీతలు లేచొచ్చాయి. వాటి మందంలో వెంట్రుకవాసి తేడా లేదు. ఏ దేశంలో ఎవరు చెక్కారో, ఎంత గొప్ప చేయి అది!

మరునాడు చెరువు నిండుగా ఉంది. కట్ట మీద కారు తిప్పుతుంటే ముందు చక్రాలు నీటి అంచుకు వచ్చి ఆగాయి. వెనక సీట్లో ఇంజనీరు గారు, ముందు నేను. ఖాసిం అన్న చేయి పాత అలవాటు కొద్దీ మొదటి గేరు వైపే పోయింది. అది పడితే నేరుగా నీళ్లలోకే. అంతలో ఆయన కన్ను గుండు మీద పడింది. చేయి ఆగింది. ఎరుపున్న వైపుకు రాడ్డును నెట్టాడు. కారు వెనక్కి కదిలింది.

ఇంజనీరు గారు ఏమీ ఎరగరు. ఈ ఏడు చెరువు బాగా నిండిందని మాత్రం అన్నారు.

నడిపేవాడి కంటికి ఆనని గుర్తు ఉన్నా లేనట్టేనని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తర్వాత ఏ బండి మరమ్మతుకు వచ్చినా, ఇంజను మూత తెరిచే ముందు డ్రైవరు సీట్లో కూర్చుని, అక్కణ్ణుంచి ఏం కనబడుతుందో చూసుకునేవాణ్ణి.