దోటి దించిన సోములు

మా డబుల్ డెక్కర్ బస్సు వీడ్కోలు సందర్భంగా 2013 ఏప్రిల్‌లో అచ్చువేసిన ప్రత్యేక సంచిక నా దగ్గర భద్రంగా ఉంది. ముప్పైరెండు పేజీలు. బస్సు ఫొటోలు పదకొండు, దాతల ఫొటోలు పంతొమ్మిది. మేడమీది కిటికీలోంచి చూసిన వెన్నెల మీద ఒకాయన కవిత కూడా రాశారు. ఆ బస్సు చీకటి పడ్డాక ఏనాడూ నడవలేదు. ఇంతటి సంచికలో సోములు పేరు ఒక్కచోటైనా లేదు. దీన్ని మరుపని సరిపెట్టుకోవడానికి నాకు మనసొప్పదు.

విజయనగరం నుంచి రామతీర్థానికి ఆ బస్సును ఒక ప్రైవేటు కంపెనీ నడిపేది. నేనందులో గుమాస్తాను. సోములు ఆ దారిలోని పల్లెలో ఎకరంన్నర మెట్ట సాగుచేసుకునే రైతు. 1988లో కంపెనీ అతణ్ణి పనిలో పెట్టుకుంది. నియామకపు కాగితంలో ఉద్యోగం పేరు లేదు, "దారి చూచు మనిషి" అని మాత్రం ఉంది. దాని నకలు ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

బస్సు ఎత్తు పద్నాలుగున్నర అడుగులు. దానిపైన జానెడు ఖాళీ ఉండాలని సోములు పదిహేనుంబావు అడుగుల వెదురు దోటి చేసుకున్నాడు. కొసకు కొక్కెపు కత్తి, దాని కింద ఎర్రగుడ్డ. రోజూ తొలి బస్సుకు ముందే దోటిని నిలువుగా పట్టుకుని దారంతా నడిచేవాడు. తగిలిన కొమ్మను కోసేవాడు. కరెంటు తీగ జారినట్టు కనిపిస్తే దూరంనుంచే చూసి, బస్సు ఆపించి, కబురు పంపేవాడు.

1994లో ఒకరోజు అతడు చూసివెళ్లాక గాలికి చింతకొమ్మ ఒకటి వాలింది. మేడమీది ముందు అద్దం పగిలి, ఆ గాజుపెంకులు ఒక నిండు చూలాలి ఒళ్లో పడ్డాయి. ఆమెకు గీతైనా పడలేదు. కొంగు దులుపుకుని దిగిపోయింది. సోములు మాత్రం దులుపుకోలేకపోయాడు. ఆనాటినుంచి గాలి లేస్తే కంచం ముందునుంచి లేచిపోవడమే. అతని భార్య ఈశ్వరి ఆ బస్సును సవతి అనేది. మేడమీద ఒక్క తలకాయకు దెబ్బ తగలకుండా బండి షెడ్డుకు చేరితే చాలని అతడు నాతో ఎన్నిసార్లన్నాడో.

బస్సును నిలిపేస్తారన్న కబురుకు పట్నమంతా నిట్టూర్చింది. సోములు రోజులు లెక్కపెట్టుకున్నాడు.

వీడ్కోలు సంఘానికి అధ్యక్షుడు గణపతిరావు గారు. ఆఖరి ప్రయాణం రోజూ వెళ్లే దారిన కాకుండా ఊరేగింపుగా పాత వీధిలోంచి సాగాలని ఆయన తీర్మానం. ఆ వీధి మొదట సిమెంటు స్వాగతద్వారం ఉంది. బస్సు దాని కిందనుంచి వెళ్లి పన్నెండేళ్లయింది. ద్వారం ఎత్తెంతని ఆయన నన్నడిగారు. 2001 నాటి రిజిస్టరు తీసి, పదిహేనున్నర అడుగులని గర్వంగా రాసిచ్చాను. సోములును అడగాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ రోజు మేడమీద బడిపిల్లలను కూర్చోబెట్టారు. ముందు బ్యాండు, వెనక మేము. ద్వారం ముందు బస్సు హఠాత్తుగా ఆగింది. పిలుపు లేకుండా వచ్చిన సోములు దోటి పట్టుకుని నడిరోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

డ్రైవరు కూర్మయ్య తల బయటపెట్టాడు. "ఏటి బావ, ఆకరి రోజు కూడా అడ్డమేనా? దండేయించుకుందామనొచ్చినావేటి?"

"దండ తరవాత సూద్దాం. ముందు దిగి ఇది సూడు."

దోటి ద్వారం కింద నిలవలేదు. బాగా వంచితే తప్ప కొసనున్న ఎర్రగుడ్డ దూరలేదు.

గణపతిరావు గారు నా చీటీ తీసి చూపించారు. "పదిహేనున్నరని గుమాస్తా గారే రాసిచ్చారు కదయ్యా."

"ఆ కాగితం అబద్ధం సెప్పనేదు బాబూ. అది రాసిన్నాటి రోడ్డు కిందుండిపోనాది."

ఆ పన్నెండేళ్లలో ఆ వీధికి మూడుసార్లు రోడ్డు వేశారు. టేపు తెప్పించి కొలిచాం. పద్నాలుగుంబావు. బస్సు కంటే మూడంగుళాలు తక్కువ. పైన పిల్లలు చేతులూపుతున్నారు.

కూర్మయ్య బస్సు వెనక్కి తీశాడు. సోములు దోటి పట్టుకుని ముందు నడవగా పాత దారినే షెడ్డుకు చేరింది. పిల్లలందరూ దిగేదాకా అతడు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్క తలా చూసుకున్నాడు. ఆఖరి పిల్ల దిగాక దోటిని షెడ్డుగోడకు ఆనించి, భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. దండ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం రిజిస్టరు పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. పాత ఎత్తు పక్కన కొత్త ఎత్తు, తేదీ వేసి అతని చేత సంతకం పెట్టించుకోవాలి. సోములు భోజనం చేస్తున్నాడు. అంతలో తూర్పునుంచి గాలి లేచింది. పెరట్లో మామిడికొమ్మలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. అతడు చప్పున సగం లేచాడు.

"ఏటి సూస్తన్నావు?" అంది ఈశ్వరి.

ఒక్క క్షణం అలాగే ఉండి, మళ్లీ పీట మీద చతికిలబడ్డాడు.

"ఏటీ నేదు. ఇంకాస్త అంబలి పొయ్యి."

సంతకం కోసం నేను అరగంట కాచుకున్నాను. అతడు తీరిగ్గా తింటూనే ఉన్నాడు.