మ్యాపులో లేని దేశం బిళ్ళ

“ఆ డబ్బా ముట్టకు, అవి దేశాల బిళ్ళలు,” అన్నాడు మా ఆయన.

“ఏ దేశం? మ్యాపుల సూపియ్యి,” అన్నాను.

మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు. దిల్‌సుఖ్‌నగర్‌లో తాను పనిచేసే చీరల దుకాణానికి పోయి, అక్కడే కుప్పకూలాడు.

ఎక్కడో ఎవడో తన ఇంటినే దేశమని చెప్పుకొని, తన మొహంతో బిళ్ళలు కొట్టించి అమ్ముతాడట. అట్లాంటివి ఫోన్‌లో తెప్పించుకొని మురిసిపోయేవాడు. నాకేమో ఎల్బీనగర్ దాటి లోకం చూపించలేదు.

శవం నుదుట రూపాయి బిళ్ళ పెట్టాలి కదా. ఆ హడావుడిలో మా మరిది ఆ డబ్బాలోంచే ఒకటి తీసి పసుపు ముద్దతో అంటించాడు. చూస్తే దాని మీద ఎవడో మీసాల రాజు.

“అయ్యో వదినె, ఇది మన రూపాయి కాదు! జర ఆగు, మారుస్త.”

“ఉండనియ్యి. నన్ను ఇడిసిపెట్టి ఎన్నడో ఆ దేశానికే పోయిండు.”

ఆ బిళ్ళతోనే సాగనంపాం. మిగిలినవి డబ్బాలోనే ఉన్నాయి, నేను ముట్టలేదు.

బిడ్డా, ఈ మేనత్త చెప్పిందంతా రాసుకున్నావా? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. ఆయన మాట మెల్లగా చదివినా సరే, నా మాట మాత్రం గట్టిగా చదువు.