గురువారం అనే రాసి ఉంది

ఏడేళ్ళుగా ఒక వారం పేరు నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. గురువారం. అందరికీ వారానికోసారి వచ్చి పోతుంది. నాకు మాత్రం వచ్చి కూర్చుంటుంది.

నా పేరు రాయడం లేదు. రాస్తే ధైర్యం ఉందనుకుంటారు. అదే ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. నరసరావుపేట పక్కన, మిరపకాయలు దాచే ఒక కోల్డ్ స్టోరేజీలో నేను ఆఫీసు ఇన్‌ఛార్జిని. మా వైపు దాన్ని ఏసీ అంటారు. ఎక్కడ పని అని అడిగితే "ఏసీలో" అంటాను. విన్నవాళ్ళు నేనేదో చల్లగా కూర్చుని పనిచేస్తాననుకుంటారు. చల్లదనమంతా మిరపకాయలకే. నా గదిలో ఉన్నది ఫ్యాను, అదీ కరెంటు ఉన్నప్పుడు.

ఈ కుర్చీ నాకెలా వచ్చిందో చెప్పడానికి కూర్చున్నాను. అయినా చూడండి, ఫ్యాను గురించి మాట్లాడుతున్నాను.

అప్పట్లో నేను ఆ ఆఫీసులో కంప్యూటరు ఆపరేటర్ని. పాత ఇన్‌ఛార్జి పెద్దాయన మానేశారు. మా యజమాని నన్ను పిలిచారు.

"ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు పెట్టమ్మా. తెలిసినోళ్ళని అడిగితే వాళ్ళ బామ్మర్దిని అంటగడతారు. ఉంచుకోలేం, పొమ్మనలేం. మొహం తెలియని మనిషి కావాల." గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి అన్నారు. "సరైనోళ్ళు దొరక్కపోతే నువ్వే చూసుకుందువులే."

ఆయన ఆ మాట అలవోకగా అని వెళ్ళిపోయారు. నేను మాత్రం దాన్ని కొంగున ముడేసుకున్నాను.

పోస్టు కోసం పోస్టు పెట్టడం, అదీ అప్పటి నా పోస్టు. నా నెత్తిన కూర్చోబోయే మనిషి కోసం ప్రకటన నేనే టైపు చేశాను. "ఆఫీసు ఇన్‌ఛార్జి కావలెను. కంప్యూటరు వచ్చి ఉండవలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యం. ఆసక్తి గలవారు బయోడేటా ఈ నంబరుకు వాట్సాప్ చేసి, గురువారం ఉదయం పది గంటలకు నేరుగా రాగలరు." వారం రాశాను గానీ, తేదీ రాయలేదు. అప్పటికి నాకు ఆ జాగ్రత్త లేదు.

కామెంట్లు బాగానే వచ్చాయి. ఒకరు హాయ్ అన్నారు. ఒకరు లోపల చల్లగా ఉంటుందా అని అడిగారు. ఒకాయన మిర్చి రేటు ఎంత ఉందన్నాడు. సోమవారం మధ్యాహ్నానికి ఆఫీసు ఫోనుకు ఏడు బయోడేటాలు చేరాయి. వాటిలో ఆరు చదువుతుంటే నా మనసు ఎంత ప్రశాంతంగా ఉందో! ఒకరికి కంప్యూటరు రాదు, ఇంకొకరికి సాయంత్రాలు కుదరదు. ఏడోది చూశాక ప్రశాంతత పోయింది.

తెల్లకాగితం మీద గుండ్రటి అక్షరాలతో రాసి, ఫోటో తీసి పంపారు. పేరు సువార్త. ఊరు నడికుడి. భర్తకు రైల్వేలో పని, బదిలీ మీద వచ్చారు. అంతకుముందు గుంటూరు వైపు ఒక కోల్డ్ స్టోరేజీలోనే నాలుగేళ్ళు చేసింది. ఏ రైతు బస్తాలు ఏ గదిలో ఏ వరసలో ఉన్నాయో కంప్యూటర్లో ఎక్కించడం, లారీలు పంపడం, అన్నీ తెలుసు. ఆ కుర్చీకి కొలతలు తీసి కుట్టినట్టుంది ఆ మనిషి. మూడుసార్లు చదివాను. ఎక్కడైనా చిన్న తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

ఆ సాయంత్రం యజమాని ఫోను చేశారు.

"ఏందమ్మా, గురువారం పెట్టావంట? ఆ రోజు అమావాస్య అంట గదా, ఇంట్లో గోల చేస్తున్నారు. అమావాస్యనాడు మనిషిని పనిలోకి తీసుకుంటామా ఏంది? బుధవారానికి మార్చు. అందరికీ చెప్పు."

నా కుర్చీ వెనక గోడకే క్యాలెండరు. గురువారం గడిలో నల్లటి గుండ్రం, అంత లావున. క్యాలెండరు కిందే కూర్చుని క్యాలెండరు చూడనిదాన్ని నేను. వెంటనే పోస్టు తెరిచి, గురువారం కొట్టేసి బుధవారం అని దిద్దాను. తర్వాత ఒక్కొక్కరికీ మెసేజ్ పెట్టడం మొదలుపెట్టాను. ఒకటి, రెండు, మూడు. ఆరు అయ్యాయి. ఏడో పేరు దగ్గర వేలు ఆగింది.

రేపు పొద్దున్నే పెడదాంలే అనుకున్నాను.

మంగళవారం లోడు వచ్చింది. నిజమే, లోడు వచ్చింది. ఊపిరాడలేదు. కానీ ఒక మెసేజ్ పెట్టడానికి గ్లాసు నీళ్ళు తాగినంతసేపు కూడా పట్టదు, ఆ రోజు నేను చాలా నీళ్ళే తాగాను. మర్చిపోయానా? మర్చిపోయినట్టు గుర్తు తెచ్చుకోవాలని ఏళ్ళ తరబడి ప్రయత్నించాను. గుర్తు రావడం లేదు. గుర్తున్నదల్లా, ప్రతి గంటకీ ఆ ఫోను చేతిలోకి తీసుకుని మళ్ళీ బోర్లా పెట్టడం. ఏడుగురిలో ఆరుగురికి వార్త వెళ్ళింది. సువార్తకు మాత్రం వార్త లేదు.

బుధవారం ఆరుగురూ వచ్చారు. ఆరుగురినీ యజమాని పది నిమిషాలకొకరి చొప్పున పంపించేశారు. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు. "ఇంకెవరూ లేరా?"

"లేరు సార్."

"ఇంకెందుకు మరి. నువ్వే కూచో."

కూర్చున్నాను.

గురువారం ఆఫీసుకు అన్నీ తెలిసే వెళ్ళాను. ఎనిమిదిన్నర నుంచి గేటు వైపే నా చూపు. బస్సు తప్పిపోవాలి అనుకున్నాను. ఆవిడ మనసు మార్చుకోవాలి అనుకున్నాను. పిల్లకు జ్వరం రావాలి అని కూడా అనుకున్నాను. ఆవిడకు పిల్లలున్నారో లేరో అప్పటికి నాకు తెలియదు. ఊహించుకుని మరీ ఒక పిల్లకు జ్వరం తెప్పించాను.

పది కావడానికి ఇరవై నిమిషాలుందనగా వాచ్‌మన్ సాంబయ్య బాబాయ్ తలుపు దగ్గరకొచ్చాడు. "అమ్మాయ్, ఎవరో నడికుడి నుంచంట, ఇంటర్వ్యూ అంటంది. ఇయ్యాల ఏంది ఇంటర్వ్యూ?"

"పంపించు బాబాయ్" అన్నాను.

ఇస్త్రీ చేసిన నూలు చీర. చేతిలో సర్టిఫికెట్ల ప్లాస్టిక్ కవరు. పిడుగురాళ్ళలో బస్సు మారి వచ్చినట్టుంది, నుదుటి మీద చెమట. నవ్వుతూ నిలబడింది.

"నమస్తే మేడం. సువార్తనండీ. బయోడేటా పంపాను గదా."

"ఇంటర్వ్యూ నిన్న అయిపోయిందమ్మా."

నేను ఆటపట్టిస్తున్నాననుకుంది. నవ్వు అలాగే ఉంది. "ఈరోజు గదండీ? గురువారం."

"బుధవారం."

నవ్వు పోయింది. కవరులోంచి చిన్న చీటీ తీసింది. అవే గుండ్రటి అక్షరాలు. గురువారం, పది గంటలు. "మా ఆయన ఫోన్లో చూసి అప్పుడే రాసుకున్నా అక్కా" అంది. మేడం కాస్తా అక్క అయింది. "ఆ ఫోను ఆయనతో డ్యూటీకి పోయింది. లేకపోతే చూపించేదాన్ని."

ఇక్కడ ఆగుతాను. ఎందుకంటే నిజంగా అక్కడ ఒక క్షణం ఆగింది. "వారం మార్చాం, నీకు చెప్పడం మర్చిపోయాను, నాదే పొరపాటు" అనొచ్చు. అది సగం అబద్ధమే అయినా ఆవిడకు ఉద్యోగం దక్కేది. యజమాని ఇల్లు రెండు వీధుల అవతల. ఒక్క ఫోను చేస్తే మర్నాడు పిలిపించి మాట్లాడేవారు. మాట్లాడితే ఆవిడనే తీసుకునేవారు. అది నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఆ ఫోను చెయ్యలేదు.

ఆఫీసు ఫోనులో పోస్టు తెరిచి ఆవిడ ముందు పెట్టాను.

వంగి చదివింది. పెదాలు కదిపి చదివింది. బుధవారం. ఇంకా పైన ఏముందో చూద్దామని వేలు చాచింది. ఆ పోస్టుకు పైన మూలగా మూడు చుక్కలుంటాయి. అవి నొక్కితే మొదట ఏం రాశామో, ఎప్పుడు ఏం దిద్దామో వరసగా కనిపిస్తుంది. ఆవిడకు ఆ సంగతి తెలియకపోవచ్చు. తెలియకుండానే వేలు తగలొచ్చు. గోరుకూ ఆ చుక్కలకూ మధ్య వడ్లగింజంత దూరం. ఫోను లాక్కున్నాను, ఎవరో ఫోను చేస్తున్నట్టు నటిస్తూ.

"మొదట్నుంచీ బుధవారమే ఉందమ్మా. ఇయ్యాల అమావాస్య గదా. అమావాస్యనాడు మా సారు ఇంటర్వ్యూలు పెడతారా ఏంది?"

ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో! ఎవరో అందించినట్టు వచ్చింది. ఆవిడ తలెత్తి క్యాలెండరు చూసింది. గురువారం గడిలో నల్లటి గుండ్రం. నా అబద్ధానికి సాక్షి సంతకం పెట్టినట్టు.

"మేం చర్చికి పోయేవాళ్ళం అక్కా, అయ్యన్నీ చూసుకోం" అంది మెల్లగా. చీటీని చూసింది. ఫోనును చూసింది. మళ్ళీ గుండ్రాన్ని చూసింది. "అయితే నేనే తప్పు చూసినట్టున్నా."

ఫోను బల్ల మీద బోర్లా పెట్టాను.

"సారుతో ఒక్కసారి..."

"ఊళ్ళో లేరమ్మా."

చీటీని పారెయ్యలేదు. ఉన్న మడతలోనే మడిచి కవరులో పెట్టుకుంది. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగింది. "సారీ అక్కా, మీ టైము పాడు చేశా."

క్షమాపణ ఆవిడ చెప్పింది. నాకు.

నేను తీసుకున్నది కుర్చీ ఒక్కటే అనుకున్నాను చాలాకాలం. కుర్చీ చిన్నది. ఆ పూట ఒక మనిషి తన చేతిరాతను నమ్మడం మానేసి నా ఫోనును నమ్మింది. తన కళ్ళ మీద తనకుండే ఆ కాస్త నమ్మకాన్ని తీసుకుని నేనేం చేసుకున్నాను? ఎక్కడ పెట్టుకున్నాను? అది నాకేమైనా పనికొచ్చిందా?

పని నేర్చుకున్నాను. చెడ్డ ఇన్‌ఛార్జినేం కాదు. ఇప్పుడు ఉద్యోగాల పోస్టులన్నీ నేనే పెడతాను. వారం, తేదీ రెండూ రాస్తాను, మూడుసార్లు సరిచూస్తాను. ఎంత జాగ్రత్త అమ్మా నీకు అని యజమాని నలుగురిలో మెచ్చుకుంటారు. నేను తల దించుకుంటాను. వినయం అనుకుంటారు.

ఈ ఏడాది ఆపరేటరు కోసం పోస్టు పెట్టాను. ఇంటర్వ్యూకి ముందురోజు సాంబయ్య బాబాయ్ ఒక మనిషిని లోపలికి పంపాడు. పేరు చెప్పకముందే గుర్తుపట్టాను. జుట్టు కాస్త నెరిసింది. చేత్తో కవరు పట్టుకునే తీరు మాత్రం అదే.

"మా పాపకి రేపే గద మేడం ఇంటర్వ్యూ?"

"రేపే. మెసేజ్ పెట్టాను కదండీ."

"పెట్టారు. పాప కూడా చదివింది. అయినా మనిషినడిగి పోదామని వచ్చా. నాకు వారాలు తప్పిపోతాయి మేడం. ఒకసారి మీ కాడే తప్పు చూసుకుని ఒకరోజు ఆలస్యంగా వచ్చా. గుర్తుందో లేదో మీకు."

"గుర్తు లేదండీ" అన్నాను.

విన్నారా? ఏడేళ్ళ తర్వాత, మళ్ళీ.

ఆవిడే చెప్పుకొచ్చింది, నవ్వుతూనే. ఆ తర్వాత ఎక్కడా ఉద్యోగానికి దరఖాస్తు పెట్టలేదట. మళ్ళీ ఏదో చూసి ఏదో అనుకుంటానని భయమట. ఊళ్ళో ప్రైవేటు బడిలో ఆయాగా చేస్తోంది. ఇంట్లో ఏ తేదీ వచ్చినా, గ్యాసు బండ నుంచి పరీక్షల దాకా, కూతురికి చూపించుకుంటుంది. "మీ అమ్మనడగమాక, వారాన్నే మార్చేసుద్ది" అని భర్త ఎగతాళి. వారాన్ని మార్చింది ఎవరో నేను చెప్పలేదు. మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, దండం పెట్టి వెళ్ళింది. తెలిసిన తేదీని మళ్ళీ తెలుసుకోవడానికి రెండు బస్సులు మారి వచ్చి, మళ్ళీ రెండు బస్సులు మారి పోయింది.

మర్నాడు కూతురు వచ్చింది. యజమాని అడిగారు, తడుముకోకుండా చెప్పింది, ఉద్యోగం తెచ్చుకుంది. నేను ఒక్క మాట సాయం చెయ్యలేదు, చెయ్యాల్సిన అవసరం రాలేదు. కాబట్టి నేనేదో దిద్దుకున్నానని దయచేసి అనుకోకండి. నా దిద్దుబాట్ల సంగతి మీకు తెలుసు.

ఇప్పుడు ఆ పిల్ల నా ఎదుటి బల్ల దగ్గర కూర్చుంటుంది. మొన్న ఒక లారీ మంగళవారం రావాలా బుధవారం రావాలా అని నేను తడబడ్డాను. ఆ పిల్ల కిలకిలా నవ్వింది. "ఏంది మేడం, మీరు కూడా మా అమ్మలాగా అయ్యారు!"

నేనూ నవ్వాను.

ఆఫీసు ఫేస్‌బుక్ పేజీ ఇప్పుడు తనే చూస్తోంది. ఆ పాత పోస్టు అందులోనే ఉంది, చాలా కిందికి వెళ్తే. ఎప్పుడో తీసేసి ఉండొచ్చు నేను. ఎందుకు తియ్యలేదు? పట్టుబడాలని ఉందేమో అనిపిస్తుంది కొన్నాళ్ళు. ముట్టుకోవడానికి కూడా భయమేమో అనిపిస్తుంది కొన్నాళ్ళు. మూడు చుక్కల సంగతి ఈ కాలం పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. తను ఫోను కిందికి జరుపుతున్నప్పుడల్లా చేస్తున్న పని ఆపి ఆ వేలునే చూస్తాను.

సువార్త నంబరు నా దగ్గరుంది. చాలాసార్లు తెరిచాను. "సువార్త గారూ" అని రాస్తాను. తర్వాత ఏం రాయాలో చేతులకు తెలుసు, అవే రాయవు. చెబితే నా బరువు దిగుతుంది. మరి ఆవిడకు? ఏడేళ్ళు తనను తాను తప్పుబట్టుకున్నది వృథా అని తెలియడం ఉపశమనమా, ఇంకో దెబ్బా? ఇది ఆవిడ గురించి ఆలోచనో, నా పిరికితనం కట్టుకున్న మంచి చీరో తేల్చుకోలేకపోతున్నాను.

మీరు నన్ను క్షమించలేరు. అది మీ చేతిలో లేదు. అడగడమూ లేదు. ఆవిడకు పంపలేని మెసేజ్ ఇక్కడ రాస్తున్నాను, అంతే. ఏడేళ్ళలో మొదటిసారి ఆ మాట గొంతు దాటుతోంది.

సువార్తా, ఆ పోస్టులో మొదట గురువారం అనే రాసి ఉంది. దిద్దింది నేను. నీకు చెప్పనిదీ నేనే. నువ్వు సరిగ్గానే చదివావు.