పదిహేడు ఒకట్లు

పామర్రులో ఒక ప్రైవేటు హైస్కూల్లో పద్మశ్రీ లెక్కల టీచరు. విజయవాడ నుంచి రోజూ బస్సులో వెళ్ళి రావడం, పిల్లల ముందు అరిచి అరిచి గొంతు బొంగురుపోవడం, ఇంటికొచ్చి మంచాన పడ్డ అత్తగారికి జావ తాగించడం, ఇదే ఆమె బతుకు. భర్త గంగాప్రసాద్ తెల్లారకముందే చేపల మార్కెట్‌కి వెళ్ళిపోయేవాడు.

ఆమెకంటూ ఉన్నది ఒక్క సంఖ్య. ఒకటి పక్కన ఒకటిగా వరసగా పదిహేడు ఒకట్లు. మూడు ఒకట్లు పక్కపక్కన రాస్తే మూడుతో శేషం లేకుండా తెగుతుంది. ఐదు రాస్తే నలభై ఒకటితో, ఏడు రాస్తే రెండు వందల ముప్పై తొమ్మిదితో. పదిహేడు దగ్గరే ఆమె ఆగిపోయింది. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా ఉంటే, అందులోంచి ఒకటి తీసేస్తే మిగిలింది ముప్పై నాలుగుతో తెగాలి. అలాంటివే ఏరుకుని, పాత ప్రశ్నపత్రాల వెనక రోజుకు రెండో మూడో భాగహారాలు చేసేది. పదకొండేళ్ళు గడిచాయి. భాగించి చూసే సంఖ్య పదిహేను లక్షలు దాటింది. దేనితోనూ తెగలేదు. కంప్యూటర్ని అడగొచ్చని తెలియక కాదు. అడిగితే అయిపోతుంది కదా.

శ్రావణంలో అత్తగారు పోయారు. దినాలయ్యాక స్కూలుకొచ్చిన రోజు స్టాఫ్ రూమ్‌లో కాగితం ముందు పెట్టుకుంది గానీ చెయ్యి సాగలేదు. వేసిన అంకే మళ్ళీ మళ్ళీ వేస్తోంది.

"ఎప్పుడు చూసినా అదే లెక్క చేస్తుంటారేంటి మేడమ్?" అన్నాడు కంప్యూటర్ సారు సూర్యప్రకాష్.

"ఇది తెగుతుందేమో కాస్త చూసిపెట్టండి సార్. ఇక నా వల్ల కావట్లేదు."

అతను టైపు చేసి, తల తిప్పేలోపే జవాబు వచ్చింది.

"తెగుతుందండీ. ఇరవై లక్షల డెబ్భై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడుతో. మీరెందాకా వచ్చారు?"

"పదిహేను లక్షలు."

"అయ్యో, ఇంకో మూడు నాలుగేళ్ళు చేస్తే..." అని నాలిక్కరుచుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో, ఖాళీ మంచం మీద కూర్చుని పద్మశ్రీ ఆ భాగహారం తన చేత్తో చేసింది. చివర ఏమీ మిగల్లేదు. ఆమె కళ్ళు నీళ్ళతో నిండాయి.

"ఏంటే పద్మా, అమ్మ గుర్తొచ్చిందా?" అన్నాడు గంగాప్రసాద్.

"లెక్క తెగిందండీ."

"మంచిదేగా?"

"మంచిదే. తెగదనుకున్నాను."

అతనికేమీ బోధపడలేదు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని, "అదేంటో నాకూ చెప్పు" అన్నాడు. పెళ్ళయ్యాక అలా అడగడం అదే మొదలు. ఆమె కళ్ళు తుడుచుకుని రెండు ఒకట్లు, అంటే పదకొండు దగ్గర నుంచి మొదలుపెట్టింది. ఐదు ఒకట్లకు వచ్చేసరికి అతని తల వాలిపోయింది. లేపబుద్ధి కాక, గొంతు తగ్గించి మిగతాది కూడా చెప్పింది.