కారం దులిపిన రోజు

మా ఆడపడుచు పొదిలిలో కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు నేనొక నెమలిని కుట్టి ఇచ్చాను. గోనెగుడ్డ మీద రంగుదారాలతో తోక విప్పిన నెమలి. నలభై రోజులు పట్టింది. ఆరునెలల తర్వాత ఏదో పని మీద వెళ్తే ఆ నెమలి స్నానాల గది ముందు నేల మీద పరిచి ఉంది. నా మొహం మాడిపోయింది. ఆమె మాత్రం ఏమీ దాచలేదు. "గోనెపట్టా కదా వదినా, నీళ్లు భలే పీలుస్తోంది" అంది. తను మెచ్చుకుంటున్నాననే అనుకుంది పాపం. నేను నెమలి మీద కాలు పెట్టకుండా దాటుకుని వెళ్లి కాళ్లు కడుక్కుని, తడికాళ్లతోనే ఆ కొత్త ఇల్లంతా తిరిగాను. అంతకంటే ఏం చేయగలను?

వినుకొండలో మాది పరుపుల కొట్టు. దూదేకడం, పరుపులు కుట్టడం మా పుట్టింటి పని, మెట్టినింటి పని కూడా. ఇప్పుడు అందరూ స్పాంజి పరుపులే అడుగుతున్నారు. అవి కంపెనీ నుంచి కవరు తొడుక్కునే వస్తాయి, మా ఆయన వాటిని నిలబెట్టి అమ్ముతాడు, అంతే. నా చేతులకు పని పోయింది. పదో తరగతి తప్పిన దగ్గర్నుంచీ దబ్బనం పట్టిన చేతులు ఊరుకుంటాయా? కొట్లో కూర్చుని ఖాళీ గోనెసంచులు విప్పి వాటి మీద బొమ్మలు కుట్టడం మొదలుపెట్టాను.

అదీ ఏ సంచి పడితే ఆ సంచి కాదు, మిర్చి సంచే కావాలి. మిర్చి కొట్లవాళ్ల దగ్గర అడిగి తెచ్చుకునేదాన్ని. మిర్చిబస్తాని మా వైపు టిక్కీ అంటారు. కాయని తొక్కి తొక్కి నింపుతారేమో, ఖాళీ అయ్యాక ఆ గుడ్డ మీద అక్కడక్కడా ఎర్రటి మచ్చలు ఉండిపోతాయి. ఏ దుకాణంలోనూ దొరకని రంగది. ఒక మచ్చ చూస్తే పొద్దు పొడుస్తున్నట్టుంటుంది, ఇంకొకటి కళ్లంలో ఆరబోసిన కాయలా ఉంటుంది. మచ్చని బట్టే బొమ్మ. ఉతికితే ఆ రంగు పోతుంది కాబట్టి ఉతికేదాన్ని కాదు. పరుపు పనిలో ఉన్నవాళ్లం, మాకు ఉతకడం అలవాటు కూడా లేదు. ఎండలో వేసి రెండు దెబ్బలు కొడితే శుభ్రమైపోయినట్టే మా లెక్క.

ఒకరోజు మా ఊరి బళ్లో డ్రాయింగు చెప్పే టీచరుగారు దిండు కొనడానికి వచ్చి, నా ఒళ్లో ఉన్నది లాక్కుని చూశారు. దిండు సంగతే మర్చిపోయారు. గుంటూరులో ఆదివారం నాడు ఒక కల్యాణమండపం ఆవరణలో చేతిపనుల అమ్మకం పెడుతున్నామని, మీకో బల్ల ఇస్తామని, రావలసిందేనని అన్నారు. ఆవిడ వెళ్లాక మా ఆయన నవ్వాడు. "గోనెసంచులు ఊరికే ఇస్తేనే జనం వంక పెడతారు. డబ్బులిచ్చి ఎవరు కొంటారే?" అన్నాడు.

నాకు రోషం పొడుచుకొచ్చింది. "ఒక్కళ్లు, ఒకే ఒక్కళ్లు ఇది గోడకి తగిలించుకుంటామని తీసుకెళ్లకపోతే మళ్లీ దబ్బనం ముట్టను" అన్నాను. నా నోటికి నేనే భయపడతాను చాలాసార్లు. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. నెమలిని చూసిన రోజు నుంచీ నేను తేల్చుకోవాలనుకున్నది అదొక్కటే. నేను చేసేది బొమ్మా, పట్టానా?

ఆ ఆదివారం పద్నాలుగు బొమ్మలు మడతపెట్టి నేనూ మా ఆయనా రెండు మూటలు కట్టాం. బస్సెక్కగానే కండక్టరు అడ్డుపడ్డాడు. "మిర్చి లారీలో వేసుకోవాలమ్మా, బస్సులో కాదు."

"మిర్చి కాదయ్యా, బొమ్మలు."

"బొమ్మలకి ఇంత ఘాటేందమ్మా?" అంటూ తుమ్మాడు. జలుబు చేసిందేమో అనుకున్నాను. దేవుడు అంత స్పష్టంగా చెప్పినా నా బుర్రకి ఎక్కలేదు.

కల్యాణమండపంలో నా బల్లకి ఒక పక్కన మట్టిదీపాలు, ఇంకో పక్కన ఒకమ్మాయి చేతితో చేసిన సబ్బులు. నేను బొమ్మల్ని బట్టలకొట్లో చీరల్లా మడతల మీద మడత పేర్చాను. మాకు తెలిసిన అమ్మకం అదే మరి. కొనేవాడు అడగాలి, మనం విప్పి పరవాలి. మొదట ఒక కళ్లజోడు పెద్దమనిషి, ఆయన భార్య వచ్చారు. ఆయన పైనున్న మడత తీసి, అంచులు పట్టుకుని గట్టిగా విదిలించాడు. తర్వాత తుమ్మాడు. ఒకటి, రెండు, ఆరు, ఏడు. భార్య కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. వాళ్ల వెనక నిలబడ్డ పాప కళ్లు నులుముకుంటూ ఏడుపు లంకించుకుంది. పక్క బల్ల దగ్గర మల్లెపూల సబ్బు వాసన చూద్దామని వంగినవాళ్లంతా దగ్గుతూ లేచారు.

"గుంటూరోళ్లయి ఉండి మిరపఘాటుకి తుమ్ముతారేందండీ!" అన్నాను. తప్పు నాదని తెలిసినప్పుడే నా గొంతు ఇంకా పెద్దదవుతుంది.

గంటలో నా బల్ల ముందు మనిషి లేడు. మా ఇంట్లో ఎవరి ముక్కూ పనిచేయడం లేదని నాకు ఆరోజే తెలిసింది. ఏళ్ల తరబడి ఆ సంచుల మధ్యే తిని, వాటి మధ్యే పడుకున్నాం. మాకది గాలిలాగే అయిపోయింది. సబ్బుల అమ్మాయి వెళ్లి చెప్పినట్టుంది, టీచరుగారు వచ్చారు. ఆవిడ మొహంలో నాకంటే ఎక్కువ బాధ. "అక్కా, ఏమీ అనుకోకండి. లోపల గాలి ఆడడం లేదు. గేటు దగ్గర బళ్లు పెట్టే చోట ప్రహరీ ఉంది, అక్కడికి మారతారా?" అన్నారు. చెప్పులు విడిచే చోటికి పొమ్మన్నట్టు అనిపించింది. అందరూ చూస్తుండగా మూటలు కట్టుకుని బయటికి నడిచాం. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

"పోదాం పద. ఇప్పుడు బయల్దేరితే భోజనం వేళకి ఇల్లు చేరతాం" అన్నాడు మా ఆయన. వేళాకోళం చేయలేదు. అదింకా కష్టంగా అనిపించింది.

"ఉండండి. దులిపి మరీ పోదాం" అన్నాను.

టెంటుహౌసు వాళ్లు వదిలేసిన తాడు ఉంటే ప్రహరీ పొడుగునా కట్టించాను. పద్నాలుగు బొమ్మల్నీ దాని మీద వేశాను. మూలన పడి ఉన్న వెదురుకర్ర తీసుకుని కొంగు ముక్కుకి చుట్టుకుని మొదలుపెట్టాను. పరుపు దులపడం మా నాన్న నేర్పిన పని. కర్ర గుడ్డ మీద అడ్డంగా పడాలి, చప్పుడు రావాలి, దారం తెగకూడదు. ధన్ ధన్ మని కొట్టాను. ఒక్కో దెబ్బకి ఎర్రటి దుమ్ము లేచి రోడ్డు మీదికి పోయింది. ఆ దెబ్బలు కొన్ని కారానికి, కొన్ని సబ్బులకి, కొన్ని పొదిలికి. చేతులు పడిపోయేదాకా కొట్టాను.

గేటు బయట జామకాయల బండి పెట్టుకున్న ఒకావిడ కేక వేసింది. "ఏందమ్మో ఆ దులుపుడు! నా కాయలన్నిటికీ కారం పూశావు!"

"ఉప్పు నువ్వు చల్లుకోమ్మా, కారం ఖర్చు తప్పింది నీకు" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. నేను కర్ర పారేసి, ఆయాసం తీర్చుకుందామని పది అడుగులు వెనక్కి వెళ్లి ఒక స్కూటరుకి ఆనుకుని తలెత్తాను.

నా బొమ్మల్ని నేను ఎప్పుడూ దూరం నుంచి చూడలేదు. ఒళ్లో పెట్టుకుని కుట్టడం, మడిచి పెట్టడం, అంతే. ఒక మూల కుట్టేటప్పుడు ఇంకో మూల కనపడేది కాదు. ఇప్పుడు పద్నాలుగూ వరసగా వేలాడుతున్నాయి, ఎండ వాటి మీద పడుతోంది. పత్తి తీస్తున్న ఆడవాళ్లు ఒళ్లు విరుచుకుంటున్నారు. చీమకుర్తి రాయి మోసే లారీ గుట్ట ఎక్కుతోంది. మా వినుకొండ కొండ వెనక టిక్కీ మచ్చ నిజంగానే సూర్యుడైపోయింది. ఇవి నేనే చేశానా అనుకున్నాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, చాలా బాగున్నాయి. కొన్నా కొనకపోయినా అవి పట్టాలు కావని నాకు అక్కడ నిలబడ్డప్పుడే తెలిసిపోయింది.

జామకాయల ఆవిడ బండి వదిలేసి లోపలికి వచ్చింది. నాలుగో బొమ్మ ముందు ఆగిపోయింది. అందులో మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్లు కాయల రాశి చుట్టూ కూర్చుని ఉంటారు. మూతులకి గుడ్డలు కట్టుకుని, కళ్లు మాత్రమే కనపడుతూ.

"ఇది కోల్డుస్టోరేజీల దగ్గరిది కదూ?" అంది. "పన్నెండేళ్లు తీశాను తొడిమలు. చేతుల మంటకి అన్నం కూడా చెంచాతో తినేదాన్ని." వేలితో ఒక్కొక్కరినీ చూపిస్తూ ఈమె మా మేస్త్రి, ఈమె మా పిన్ని అని చెప్పుకుపోయింది. చివరన ఒళ్లో చంటిబిడ్డతో కూర్చున్నామె దగ్గర ఆగింది. "ఇది నేను" అంది.

నేను ఆవిణ్ణి ఎన్నడూ చూసి ఎరగను. అయినా కాదనలేకపోయాను. "తీసుకెళ్లమ్మా, ఊరికే ఇస్తాను" అన్నాను.

ఆవిడకి కోపం వచ్చింది. "ఊరికే ఎందుకు? నువ్వేమన్నా పారేసుకుంటున్నావా? మా ఇంట్లో గోడ ఉంది, మేకు ఉంది. ధర చెప్పు." చెప్పాను. బండి దగ్గరికి వెళ్లి డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టింది. బొమ్మ తీసి ఇవ్వబోతే పట్టుకోలేదు. గుడ్డ కింది అంచు చూపించింది. అక్కడ సంచి మీద అచ్చు వేసిన నల్ల అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి.

"బస్తా మీద మిర్చి కొట్టువాళ్ల మార్కా ఉంది. కుట్టిందానివి, నీ పేరేది?"

ఇన్నేళ్లలో నాకా ఆలోచనే రాలేదు. పరుపు మీద ఎవరూ పేరు కుట్టరు. "పేరు లేకపోతే మా ఇంటికొచ్చినోళ్లకి ఎవరు చేశారని చెప్పను? కుట్టు. నేను ఆగుతాను" అని కింద కూర్చుంది.

నేనూ కూర్చున్నాను. మా ఆయన వచ్చి గుడ్డ రెండు కొసలూ బిగించి పట్టుకున్నాడు. దబ్బనంలో ఎర్రదారం ఎక్కించి మొదటి అక్షరం వేశాను. అది కొంచెం వంకరగా వచ్చింది. విప్పబోతే ఆవిడ ఒప్పుకోలేదు. ఈలోగా ఇళ్లకి పోతున్నవాళ్లు గేటు దగ్గర ఆగారు. ఆగినవాళ్లని చూసి లోపలివాళ్లు వచ్చారు. కళ్లజోడు పెద్దమనిషి మళ్లీ వచ్చి, ఈసారి తుమ్మకుండా, వినుకొండ కొండని అడిగాడు. అది వాళ్ల అమ్మమ్మగారి ఊరట. సబ్బుల అమ్మాయి పత్తిచేను తీసుకుని నాకొక మల్లెపూల సబ్బు ఇచ్చింది. టీచరుగారు కళ్లు తుడుచుకుంటూ వచ్చి లారీ బొమ్మ కావాలంటే, వరసలో నిలబడమన్నాడు మా ఆయన. ఆవిడ నిలబడ్డారు.

ఎవరూ పేరు లేకుండా తీసుకోలేదు. జామకాయల ఆవిడ బండి దగ్గర్నుంచే, "పేరు కుట్టించుకోండి, పేరు!" అని అరుస్తూనే ఉంది. పొద్దు గూకేలోపు నా పేరు పద్నాలుగుసార్లు కుట్టాను. బళ్లో పలక మీద కూడా ఒక్కరోజులో అన్నిసార్లు రాసి ఉండను. చివరిసారి అక్షరాలు ఎంత తిన్నగా వచ్చాయంటే, కొన్నాయన తీసుకెళ్తానన్నా కాసేపు ఇవ్వబుద్ధి కాలేదు.