తొమ్మిదో చేతి మీద ఎర్ర రంగు

మా మేస్త్రీ పోయినాడని మొన్న మంగళవారం పొద్దున ఫోను వచ్చింది. ఆ సమయానికి నేను పార్కులో ఊగే కొలంబస్ పడవ కింద పడుకుని బేరింగుకు గ్రీజు పెడుతున్నాను. ఫోను చేసినవాడు ఆయన పక్కింటి ఆటో డ్రైవరు. "టీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లే గోడకు ఒరిగిపోయినాడన్నా" అన్నాడు. నేను ఎన్నో చావు ఇళ్లలో వాక్యం చెప్పినవాణ్ణి. ఆదరణ మాటలు నా నాలుక మీద వరుసగా నిలబడి ఉంటాయి. ఆ పొద్దు ఒక్కటీ కదల్లేదు.

ఆయన మంచివాడని చెప్పడానికి మాత్రమే నేను ఇది రాయడం లేదు. ఆయన పేరు మీద ఒక మచ్చ ఉండిపోయింది. దాన్ని పెట్టినవాడు ఎవడో నాకు తెలుసు. ఆ సంగతి చెప్పకుండా ఆయనను పొగిడితే నా నోరు కాలిపోవాలి.

కడప దాటి కర్నూలు దారి పట్టినాక కనిపించే చిన్న పార్కు మాది. అందులో ఆటలన్నీ ముసలివి. ఏవేవో నగరాల్లో ఏళ్ల తరబడి తిరిగి, అక్కడివాళ్లు చాలించుకున్నాక మా దగ్గరికి చేరినవి. జెయింట్ వీల్, కొలంబస్, పిల్లల రైలు, తిరిగే కప్పులు. మా ఎండకు ప్లాస్టిక్ సీట్లు పొలుసులు లేస్తాయి. మా దుమ్ము గ్రీజులో కలిసిందంటే అది ఇక గ్రీజు కాదు, ఇనుమును తినే ఉప్పుకాగితం. ఆ ముసలి ఆటలను బతికించినవాడు మేస్త్రీ. నేను అక్కడ రంగులు వేసేవాణ్ణి. ఆదివారాలూ, కొన్ని సాయంత్రాలూ సువార్త చెప్పేవాణ్ణి. నన్ను ఏ బడీ బోధకుణ్ణి చెయ్యలేదు. రంగు డబ్బాల పక్కన గ్రంథం పెట్టుకుని చదువుకున్నదే నా చదువు.

మేస్త్రీకి నా బోధంటే నవ్వులాట. "ఏమప్పా అయ్యగారూ, నిన్న కూటంలో ఎంతమందిని నరకంలోకి తోసినావు?" అని అడిగేవాడు.

"నేను తోసేవాణ్ణి కాదు మేస్త్రీ, ఆపేవాణ్ణి."

"ఆపేదానికి అంత అరుపు దేనికి? బ్రేకు అరిసిందంటే అరిగిపోయిందని లెక్క."

నట్టు బిగించిన ప్రతిసారీ దాని మీదుగా కింది రేకు మీదికి తెల్లరంగుతో సన్నని గీత గీసేవాడు. నట్టు కాస్త వదులైనా గీత రెండుగా విడిపోయి కనబడుతుంది. రోజూ తెరిచే ముందు ఆ గీతలన్నీ చూసుకుంటూ చుట్టూ తిరిగేవాడు. "నువ్వు సాక్షి, సాక్షి అంటావే, ఇదిగో ఇదీ సాక్షే. దీనికి నోరు లేదు గాబట్టి అబద్ధం చెప్పదు" అన్నాడొకసారి. నేను ఆ మాటను నా బోధలో రెండు మూడు చోట్ల వాడుకున్నాను. ఎవరిదో మాత్రం చెప్పలేదు.

మరమ్మతు అయ్యాక ఆయనకొక పద్ధతి ఉండేది. మనిషిని కూర్చోబెట్టే ముందు రాయిని కూర్చోబెట్టాలి. బేతంచెర్ల పాలిష్ మిల్లుల్లో పారేసే బండ ముక్కలను గోతాలకు ఎత్తించి తెప్పించేవాడు. ఇద్దరు పెద్ద మనుషుల బరువు ఒక్కో సీటులో పెట్టి తిప్పించేవాడు. ఒక్క సీటులో మాత్రం తనే కూర్చునేవాడు. రాళ్లకు శబ్దం వినపడదు, మనిషికి వినపడుతుంది అనేవాడు.

నాలుగేళ్ల కింద వేసవి సెలవుల ముందు జెయింట్ వీల్‌ను పూర్తిగా బాగు చేయడానికి పూనుకున్నాం. దానికి పన్నెండు చేతులు, ఒక్కో చేతి కొసన ఒక్కో సీటు. ప్రతి చేతినీ ఇనుము బయటపడేదాకా నేను గీకాలి. గీకి ఆయనను పిలవాలి. ఆయన సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, సరే అన్నాకే రంగు. పదకొండు అట్లాగే చేశాం. తొమ్మిదోది మిగిలింది.

ఆ శుక్రవారం మేస్త్రీ బేరింగుల కోసం కర్నూలు వెళ్లాడు. సాయంత్రం నాకు కమలాపురంలో కూటం ఉంది. నాలుగు గంటల బస్సు అందుకోవాలి. తొమ్మిదో చేతి కొసన, సీటు వేలాడే పిన్ను దగ్గర, పాత రంగులో వెంట్రుకంత గీత కనబడింది. రంగు పగిలిందిలే అనుకున్నాను. అట్లా అనుకోవాలని నాకు ఉండింది. గీకలేదు. పుట్టీ నింపి, పైన ఎర్ర రంగు కొట్టి, చేతులు కిరసనాయిలుతో కడుక్కుని బస్సెక్కాను.

దారిలో ఆయన ఫోను చేశాడు. "తొమ్మిదోది గీకినావా?"

"గీకినా మేస్త్రీ."

"నేను తట్టకుండానే రంగేసినావే?"

"రేపటికి ఆరాల గదా."

"ఏమన్నా కనపడిందా?"

"ఏం లేదు."

"సరే. నువ్వు చూసినావంటే నేను చూసినట్లే" అన్నాడు.

అన్నలారా, అక్కలారా, ఆ సాయంత్రం నేను బోధించిన అంశం ఏమిటో వినండి. పైకి తెల్లగా సున్నం కొట్టి, లోపల ఎముకలను దాచుకున్న సమాధుల సంగతి! గొంతు చించుకుని చెప్పాను. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. నా గోళ్ల సందుల్లో ఎర్ర రంగు ఇంకా ఉంది.

శనివారం పొద్దున రాళ్ల గోతాలు ఎక్కించాం. ఆదివారం నుంచి వీల్ తిరుగుతుందని ఊరంతా ఆటో మైకు చాటుతోంది. మేస్త్రీ నేరుగా తొమ్మిదో సీటు దగ్గరికి నడిచాడు.

"దాంట్లో ఎందుకు మేస్త్రీ?" అన్నాను.

"నేను తట్టంది ఇదొక్కటే. అందుకే ఈడ నేనే కూసుంటా."

మోటారు వేశారు. మొదటి చుట్టు తిరిగింది. నాకు గీత తప్ప ఇంకేమీ కనబడటం లేదు. రంగు పగిలిందిలే అని మళ్లీ అనుకున్నాను. రెండో చుట్టు తిరిగింది. ఆయన పైకి పోతూ, తల వంచి, ఏదో వింటున్నట్టు పిన్ను వైపు చూశాడు. అప్పుడు అరిచాను. "ఆపండి! నేను గీకలేదు, ఆపండి!" ఆ ఆవరణలో ఉన్నది మోటారు దగ్గరి మనిషి, మేస్త్రీ, నేను. మోటారు హోరులో ఆ మనిషికి 'ఆపండి' ఒక్కటే అందింది గానీ, అరుపు మాత్రం రోడ్డు దాకా పోయింది.

మెల్లగా దించాం. మేస్త్రీ దిగి, బ్లేడుతో నా రంగును గీకాడు. పుట్టీ రాలింది. పగులు పిన్నును సగం చుట్టేసి ఉంది. ఆయన దాని మీద బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచాడు. తర్వాత నా వైపు తిరిగి, "నీ గొంతు ఈ పొద్దు పనికొచ్చిందప్పా" అన్నాడు.

యజమాని వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. పగులును వంగి చూశాడు. "ఎవురు చూసినారు దీన్ని? ఎవురు సరే అనింది?"

నేను నోరు తెరిచేలోపు మేస్త్రీ అన్నాడు, "నేనే సామీ. కండ్లు ఆనలేదు."

"కండ్లు ఆననోళ్ల చేతిలో పిల్లోళ్ల పానాలు యాడ పెట్టేది మేస్త్రీ? శానా ఏండ్లు చేసినావు. ఇంక ఇంటి పట్టున ఉండు."

మైకు లేకుండా మైదానమంతా వినిపించే గొంతు నాది. అది అప్పుడు పెగల్లేదు. పెగల్లేదని అంటున్నాను గానీ, నేనే పెగలనివ్వలేదు.

బయట రోడ్డు దాకా ఆయన వెంట నడిచాను. "ఎందుకట్ల చెప్పినావు మేస్త్రీ?"

"నిన్ను పంపిచ్చినారనుకో, ఈ పనికి ఇంకొకణ్ణి తెస్తారు. వాడు అరుస్తాడో అరవడో నాకేం తెలుసు? నువ్వు అరిసినావు. ఇంక నువ్వు చచ్చినా గీకకుండా రంగెయ్యవు. పో, పని చూడు."

ఆ మాట నిజమైంది. ఆయన చోటులో ఇప్పుడు నేనున్నాను. రాళ్లు ఎక్కిస్తున్నాను, గీతలు గీస్తున్నాను, తట్టి వింటున్నాను. కానీ ఆయనకు మిగిలిందేమిటి? తిరునాళ్లలో రంగులరాట్నాలు నిలబెట్టేవాళ్లు అంతకుముందు ఆయనను వెతుక్కుంటూ వచ్చేవారు. వాళ్లు రావడం మానేశారు. "ఆయప్పకు కండ్లు పోయినాయంట లే" అని టీ బంకు దగ్గర నా ముందే అనుకున్నారు. నేను టీ తాగి వచ్చేశాను.

యజమానికి నిజం చెప్పేస్తానని మేస్త్రీ దగ్గరికి చాలాసార్లు వెళ్లాను. ప్రతిసారీ ఒకటే ప్రశ్న. "వీలు తిరుగుతాందా?"

"తిరుగుతాంది మేస్త్రీ."

"అట్లయితే నోరు మూసుకోని గ్రీజు పెట్టుపో."

ఆయన వద్దన్నాడు కాబట్టి చెప్పలేదని నాలుగేళ్లు నన్ను నేను సమర్థించుకున్నాను. ఇతరుల పాపాలను పేరు పెట్టి పిలిచే నేను, నా పాపానికి ఆయన పేరు పెట్టి ఊరుకున్నాను. ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

మంగళవారం శ్మశానం దగ్గర యజమానికి చెప్పాను. ఆయన "ఇన్నేండ్లా?" అని మాత్రం అని, చెప్పులు వేసుకోకుండానే కారు దాకా నడిచాడు.

మూడో రోజు మేస్త్రీ ఇంటికి పోయాను. ఆయన భార్య, నేను పెద్దమ్మా అని పిలిచే మనిషి, వసారాలో చాప మీద కూర్చుని ఉంది. ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, గీత దగ్గర్నుంచి రోడ్డు మీద మాటల దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

ఆమె, "అయితే ఆయప్ప కండ్లు బాగుండెనా?" అంది.

"బాగుండె పెద్దమ్మా."

"ముగ్గురు డాక్టర్ల కాడికి తిప్పితినే. కండ్లకేం లేదమ్మా అని ముగ్గురూ చెప్పిరి. వీళ్లకేం తెలుసని నేనే నమ్మకపోతి. మందుల అంగట్లో అడిగి తెచ్చి, దినామూ రెండు పూటలా కండ్లల్లో చుక్కల మందేస్తి. మొకం పైకెత్తి ఏయించుకునె, ఒక్కనాడు వద్దనలేదు. రోడ్డు దాటాలంటే పట్టపగలు చెయ్యి పట్టుకోని దాటిస్తి."

"ఆయన ఏమనేవాడు పెద్దమ్మా?"

"ఏమంటాడు? చెయ్యి ఇచ్చేవాడు."

ఆమె కుడి చెయ్యి ఒళ్లో వెల్లకిలా తెరుచుకుని ఉంది. ఆమె దాన్ని మూయలేదు. వసారాలోకి ఎండ జరిగి వచ్చి ఆ అరచేతిలో పడింది.